విండోస్ మార్చాక వైఫై రాకపోతే సంఘాలు వరుసగా చూడవలసినవి



ఉదయం పూట పాలు పోయించుకోవడం అయింది. క్యాన్లు వ్యాను ఎక్కాయి. కార్యదర్శి ఆ పూట లెక్క పంపడానికి ల్యాప్‌టాప్ తెరిచారు. నిన్నటి వరకు తెర అడుగున కుడివైపు మూల కనిపించిన వైఫై గుర్తు ఈ రోజు లేదు. దాని స్థానంలో గ్లోబు బొమ్మ కనిపిస్తున్నది. రాత్రి చేసిన పని ఒక్కటే: విండోస్ 10ని తీసి విండోస్ 11 పెట్టడం. వైఫై లేదు, లెక్క వెళ్ళదు, బిల్లు రోజు దగ్గర పడుతున్నది. ఇప్పుడేం చేయాలి?

ఇటువంటి ప్రశ్నలు మా వద్దకు తరచుగా వస్తున్నాయి. దీనికి కారణం ఉన్నది. 2015లో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తరువాత చాలామంది తమ ల్యాప్‌టాప్‌లను విండోస్ 11కు మార్చుకోవడం మొదలుపెట్టారు. మార్పు మంచిదే. కాని మార్చిన మరునాడే వైఫై పోతే కంగారు పడి, డబ్బు ఖర్చు పెట్టి, చివరకు సంఘం లెక్కలే పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది. అందువలన ఈ విషయాన్ని కార్యదర్శులే కాక పాలకవర్గ సభ్యులు, పాలు పోసే సభ్యులు కూడా తెలుసుకోవడం అవసరమని భావించి ఈ వ్యాసం ఇస్తున్నాము. ఇంట్లో పిల్లల ల్యాప్‌టాప్‌కు కూడా ఇది పనికి వస్తుంది.

లోపం ఎక్కడ ఉంటుంది?

ఇంటర్నెట్టు మన తెర వరకు రావాలంటే మూడు మజిలీలు దాటాలి. మొదటిది, బయటి నుండి సంఘం గదిలోకి వచ్చే లైను. రెండవది, ఆ లైనును గాలిలోకి వదిలే రూటరు పెట్టె. మూడవది, ల్యాప్‌టాప్ లోపల దానిని అందుకునే చిన్న వైఫై కార్డు. ఈ మూడూ బాగున్నా ఇంకొకటి కావాలి. వైఫై కార్డుకు, విండోస్‌కు మధ్య మాట కలిపే ఒక చిన్న ప్రోగ్రాము ఉంటుంది. దానిని డ్రైవర్ అంటారు. విండోస్ మార్చిన తరువాత వచ్చే తగాదాలలో ఎక్కువ భాగం ఈ డ్రైవర్ దగ్గరే వస్తాయి.

పాడి ఉన్న ఇంటివారికి ఇది కొత్త విషయం కాదు. రోజూ పిదికే మనిషి ఊరికి వెళ్ళి, కొత్త మనిషి పొదుగు పట్టుకుంటే గేదె చేపదు. అంతమాత్రాన గేదె వట్టిపోయిందని ఎవరూ సంతకు తోలరు. గేదె బాగానే ఉన్నది, పొదుగులో పాలూ ఉన్నాయి, చేయి మారింది. ఇక్కడ కూడా అంతే. కార్డు బాగానే ఉన్నది, లైనూ ఉన్నది. విండోస్ మారింది, పాత డ్రైవర్ దానికి కుదరలేదు. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే సగం కంగారు తగ్గుతుంది.

మా కార్యాలయంలో జరిగినది

ఇతరులకు చెప్పే ముందు మా అనుభవం చెప్పడం ధర్మం. మా కార్యాలయంలోని ఒక పాత ల్యాప్‌టాప్‌కు శనివారం సాయంత్రం విండోస్ 11 పెట్టాము. సోమవారం వైఫై లేదు. మొదట లైను మీద అనుమానపడి లైను మనిషిని పిలిపించాము. ఆయన చూసి లైను బాగున్నదన్నారు. తరువాత ఒక దుకాణానికి పంపితే కార్డు కాలిపోయింది, కొత్త యంత్రం కొనండి అన్నారు. మాలో ఒకరు, అంతా చెరిపి మొదటి నుండి విండోస్ వేద్దామన్నారు. ఆ యంత్రంలో తొమ్మిది రోజుల లెక్క ఇంకా పంపకుండా, వేరే చోట నకలు లేకుండా ఉన్నది. చెరిపి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు. చివరకు మంగళవారం సాయంత్రం ఫోనును వైరుతో కలిపి, ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ వెబ్‌సైటు నుండి సరైన డ్రైవర్ దించి వేశాము. అరగంటలో వైఫై వచ్చింది. వరుస తప్పి వెదకడం వలన రెండు రోజులు పోయాయి. ఆ రెండు రోజులు మీకు పోకుండా ఉండాలనే ఈ వరుసను ఇస్తున్నాము.

అన్నింటికంటే ముందు చేయవలసినవి

1. పాల సేకరణ ఆపకూడదు. తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. తీయడానికి వైఫై అవసరం లేని చోట్ల పని యథాప్రకారం సాగించవచ్చు. అనుమానంగా ఉంటే ఆ పూట లెక్కను రిజిస్టరులో చేతితో కూడా రాసుకోవాలి. సభ్యుడు తన చీటీ తప్పక అడిగి తీసుకోవాలి.

2. ల్యాప్‌టాప్‌లోని లెక్కలను పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీయాలి. ఏ మరమ్మతు అయినా దీని తరువాతే.

3. ఆ రోజు లెక్క పంపడం అత్యవసరమైతే ఫోనును ఛార్జింగు వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగ్స్‌లో ‘యు.ఎస్.బి. టెథరింగ్’ నొక్కాలి. ఫోనులోని ఇంటర్నెట్టు వైరు ద్వారా ల్యాప్‌టాప్‌కు వస్తుంది. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. కొన్ని చవక వైర్లు ఛార్జింగుకే పనికి వస్తాయి, వాటిలో ఇంటర్నెట్టు రాదు. అలాగే ఫోను ‘హాట్‌స్పాట్’ పెడితే చాలదు. అది కూడా వైఫై మీదే నడుస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ దానినీ అందుకోలేదు.

ఇక వరుసగా వెదకడం. తెర మీద మాటలు ఆంగ్లంలోనే ఉంటాయి. వాటిని ఎలా పలుకుతారో ఇక్కడ తెలుగులో రాస్తున్నాము.

మొదటి మెట్టు: తప్పు ఎవరిది?

ఒక ఫోనులో సిమ్ డేటాను ఆపి, సంఘం వైఫైకి కలిపి చూడాలి. ఫోనులో ఇంటర్నెట్టు రాకపోతే తప్పు రూటరుది లేదా లైనుది. రూటరు ప్లగ్గు తీసి, ఒక నిమిషం ఆగి మళ్ళీ పెట్టాలి. అప్పటికీ రాకపోతే లైను మనిషికి చెప్పాలి. ఫోనులో వచ్చి ల్యాప్‌టాప్‌లో రాకపోతే తప్పు ల్యాప్‌టాప్‌లోనే ఉన్నది. లైను మనిషిని పిలవనక్కరలేదు. ఈ ఒక్క పరీక్షకు రెండు నిమిషాలు పడుతుంది. మేము ముందుగా చేయనిది ఇదే.

రెండవ మెట్టు: మీటలు, మళ్ళీ ప్రారంభం

విండోస్ మారేటప్పుడు ‘ఎయిర్‌ప్లేన్ మోడ్’ తనంతట తాను పడి ఉండవచ్చు. అది పడితే వైఫై ఆగిపోతుంది. తెర కుడివైపు మూల నొక్కితే ఆ బొమ్మ కనిపిస్తుంది, దానిని తీసివేయాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు పై వరుసలోని ఒక మీట మీద విమానం గుర్తో, వైఫై గుర్తో ఉంటుంది. పాత నమూనాలు కొన్నింటిలో పక్కన చిన్న స్విచ్చి ఉంటుంది. అవి కూడా చూడాలి.

తరువాత ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్ళీ పెట్టాలి. ఇందులో ఒక కిటుకు ఉన్నది. చాలా యంత్రాలలో ‘షట్ డౌన్’ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగదు. మరుసటిసారి త్వరగా లేవడానికి తన స్థితిలో కొంత భాగాన్ని దాచుకుంటుంది. ఆ దాచుకున్న దానితోపాటు తప్పు కూడా తిరిగి లేస్తుంది. కాబట్టి ‘రీస్టార్ట్’ నొక్కాలి. అప్పుడు అంతా కొత్తగా మొదలవుతుంది.

మూడవ మెట్టు: వైఫై పేరు కనిపిస్తుంది, కాని కలవదు

సంఘం వైఫై పేరు జాబితాలో కనిపిస్తే సంతోషించవలసిందే. కార్డు, డ్రైవర్ పని చేస్తున్నాయన్న మాట. ఇక్కడ మూడు సంగతులు చూడాలి.

పాత పాస్‌వర్డ్ గుర్తు చెడి ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో వైఫై విభాగానికి వెళ్ళి, ఆ పేరు దగ్గర ‘ఫర్గెట్’ నొక్కి, మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టి కలపాలి.

తేదీ, సమయం సరిగా ఉన్నాయా చూడాలి. తేదీ తప్పయితే వైఫై కలిసినా బ్యాంకు, లెక్కల వెబ్‌సైట్లు తెరుచుకోవు. సభ్యులు దీనిని వైఫై లోపం అనుకుంటారు.

రూటరు మరీ పాతదైతే దాని తాళం పద్ధతి కూడా పాతదై ఉంటుంది. డబ్ల్యు.ఇ.పి. అనే తొలినాటి పద్ధతి భద్రమైనది కాదని ఏనాడో తేలింది. 2019 నుండి విండోస్ దాని గురించి హెచ్చరిస్తూనే ఉన్నది. రూటరు సెట్టింగులో 2004లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.3 గాని పెట్టించాలి. పాత ల్యాప్‌టాప్‌లకు రెండవది అందకపోవచ్చు. అప్పుడు మొదటిదే ఉంచాలి.

ఒకే రూటరు రెండు పేర్లతో కనిపించడం కూడా మామూలే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలు దాటి దూరం పోతుంది గాని నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగం ఎక్కువ, దూరం తక్కువ. రూటరు ఒక గదిలో, పాల తూకం ఇంకొక గదిలో ఉంటే 2.4 పేరునే ఎంచుకోవడం మంచిది.

నాలుగవ మెట్టు: ఏ పేరూ కనిపించదు

ఇది డ్రైవర్ తగాదా. స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కితే ఒక జాబితా వస్తుంది. అందులో ‘డివైస్ మేనేజర్’ ఎంచుకోవాలి. దానిలో ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ తెరిచి చూడాలి.

వైఫై కార్డు పేరు ఉండి, దాని మీద పసుపు రంగు గుర్తు ఉంటే డ్రైవర్ కుదరలేదని అర్థం. ఆ పేరును రెండుసార్లు నొక్కి ‘డ్రైవర్’ భాగానికి వెళ్ళాలి. ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ అన్న మీట వెలుగుతూ ఉంటే నొక్కాలి. పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. ఆ మీట మసకగా ఉంటే వెనుకటి డ్రైవర్ లేదన్న మాట. అప్పుడు ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ నొక్కి, ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేస్తే విండోస్ తనంతట తాను కార్డును గుర్తించి మళ్ళీ పెట్టుకుంటుంది. ఆ సమయంలో డ్రైవర్‌ను కూడా చెరపమంటారా అని ఒక చిన్న గడి అడుగుతుంది. కొత్త డ్రైవర్ చేతిలో లేనిదే ఆ గడిలో టిక్కు పెట్టకూడదు.

కార్డు పేరు అక్కడ లేక, ‘అదర్ డివైసెస్’ కింద ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని ఉంటే డ్రైవర్ అసలే లేదు. ఇప్పుడు ఫోనును వైరుతో కలిపి ఇంటర్నెట్టు తెచ్చుకోవాలి. సెట్టింగ్స్‌లో ‘విండోస్ అప్‌డేట్’, అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, అందులో ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ చూస్తే డ్రైవర్ అక్కడ దొరకవచ్చు. దొరకకపోతే ల్యాప్‌టాప్ అడుగున ఉన్న చీటీ మీది నమూనా సంఖ్య రాసుకుని, ఆ ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ వెబ్‌సైటులోనే వైఫై డ్రైవర్ దించుకోవాలి. విండోస్ 11కు ఇవ్వకపోతే విండోస్ 10కు ఇచ్చినది చాలాసార్లు పనిచేస్తుంది.

కార్డు పేరు ఎక్కడా లేకపోతే ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, ఆన్ చేసే మీటను అర నిమిషం నొక్కి పట్టి, తరువాత మళ్ళీ పెట్టి చూడాలి. కొన్నిసార్లు నిద్రపోయిన కార్డు దీనితో లేస్తుంది. లేవకపోతే అప్పుడు మాత్రమే కార్డు చెడిందేమోనని అనుమానించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. డ్రైవర్ కోసం వెదికేటప్పుడు ‘అన్ని డ్రైవర్లు మేమే వేస్తాము’ అని ప్రకటనలు వస్తాయి. తెర మీద ఫోను నంబరు వేసి పిలవమంటాయి. వాటి జోలికి పోరాదు. ఫోనులో మాట్లాడే అపరిచితునికి ల్యాప్‌టాప్ అప్పగించడమంటే సంఘం బ్యాంకు ఖాతా తాళం అప్పగించడమే.

ఐదవ మెట్టు: కలుస్తుంది, మధ్యలో తెగుతుంది

కొద్దిసేపు వచ్చి పోతుంటే కరెంటు పొదుపు కారణం కావచ్చు. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరును తెరిచి ‘పవర్ మేనేజ్‌మెంట్’ భాగం కనిపిస్తే, పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న వాక్యం పక్కనున్న టిక్కు తీసివేయాలి. కొన్ని యంత్రాలలో ఆ భాగం ఉండదు, అక్కడ ఈ పని వదిలివేయవచ్చు.

అలాగే పాత వి.పి.ఎన్. ప్రోగ్రాములు, పాత యాంటీవైరస్‌లు వైఫై దారిలో కాపలా కూర్చుంటాయి. విండోస్ మారిన తరువాత అవి దారి విడవవు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు పాత వి.పి.ఎన్. ఉన్న కొన్ని యంత్రాలలో వైఫై జాబితాయే మాయమైనట్లు మైక్రోసాఫ్ట్ స్వయంగా తెలిపింది. అటువంటివి ఉంటే తీసివేసి, కొత్త రూపం వేసుకోవాలి.

ఒక్కొక్కసారి తప్పు మనది కాదు, విండోస్‌దే. 2023 డిసెంబరులో ఒక నెలవారీ సవరణ వేసుకున్న తరువాత కొన్ని యంత్రాలలో వైఫై పోయింది. మైక్రోసాఫ్ట్ ఆ తప్పును ఒప్పుకుని సరిదిద్దింది. కాబట్టి పైన చెప్పినవన్నీ సరిగా ఉంటే, కొద్దిరోజులు ఫోను వైరుతో పని నడుపుతూ, విండోస్ అప్‌డేట్ చూస్తూ ఉండడం కూడా ఒక మందే.

ఆఖరి మందులు

పై మెట్లన్నీ అయిన తరువాతే ‘నెట్‌వర్క్ రీసెట్’ చేయాలి. ఇది సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’, అందులో ‘అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’ కింద ఉంటుంది. దీనివలన లెక్కలు పోవు. కాని దాచిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి. ముందుగా కాగితం మీద రాసుకోవాలి.

దానికీ లొంగకపోతే పాత విండోస్‌కు వెనుకకు పోవచ్చు. సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, ‘రికవరీ’, ‘గో బ్యాక్’ అన్న దారి ఉన్నది. ఇది విండోస్ మార్చిన 10 రోజుల లోపలే పనిచేస్తుంది. పాత ఫైళ్ళు అనవసరమని ఎవరైనా శుభ్రం చేస్తే అంతకు ముందే పోతుంది. మద్దతు ముగిసిన విండోస్‌కు వెళ్తున్నామని గుర్తుంచుకుని, దీనిని తాత్కాలిక ఏర్పాటుగానే భావించాలి.

పాత కార్డుకు డ్రైవర్ ఎక్కడా దొరకకపోతే, విండోస్ 11కు పనికి వచ్చే చిన్న యు.ఎస్.బి. వైఫై డాంగిల్ కొని తగిలించుకోవచ్చు. ఇది కొన్ని వందల రూపాయలలో దొరుకుతుంది. వేల రూపాయలు పోసి కొత్త ల్యాప్‌టాప్ కొనే తీర్మానం రాసే ముందు పాలకవర్గం ఈ సంగతి అడగాలి. అంతా చెరిపి మొదటి నుండి విండోస్ వేయడం అన్నింటికంటే చివరిది. పెన్‌డ్రైవ్‌లో నకలు ఉన్నదని కళ్ళారా చూడనిదే ఎవరినీ ఆ పని చేయనివ్వకూడదు.

ఇంకా మార్చని సంఘాలకు సూచనలు

విండోస్ 11కు కనీసం 4 జి.బి. మెమరీ, 64 జి.బి. స్థలం, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఇవి లేని యంత్రాన్ని బలవంతాన మార్చరాదు. మార్చే ముందే కొత్త వైఫై డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. పాల పరీక్ష యంత్రాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపే వైరుకు కూడా డ్రైవర్ ఉంటుంది; అది కొత్త విండోస్‌లో నడుస్తుందో లేదో సరఫరాదారుని అడగాలి. వైఫై పాస్‌వర్డ్‌ను రాసి బీరువాలో ఉంచాలి. బిల్లు రోజుకు ముందు ఈ పని పెట్టుకోకూడదు. బిల్లు పంపిణీ అయిన మరునాడు, సాయంత్రం పూట పాలు పోయించుకున్న తరువాత మొదలుపెడితే ఏమైనా జరిగినా సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది.

సభ్యులకు ఒక మాట. లెక్క ఆలస్యమైన రోజున కార్యదర్శి మీద కేకలు వేయడం సులభం. దానికి బదులు మీ ఫోనును ఆ వైఫైకి కలిపి చూపండి, ఒక మంచి వైరు తెచ్చి ఇవ్వండి. తప్పు ఎక్కడ ఉన్నదో రెండు నిమిషాలలో తేలుతుంది. పాలు తగ్గిన గేదెకు ముందు మేత, నీరు, దూడ, పిదికే చేయి చూసి, ఆ తరువాతే పశువైద్యుని పిలుస్తాము. ల్యాప్‌టాప్‌కు కూడా ఆ వరుసే పాటించాలని కోరుతున్నాము.